రేడియేటర్‌లో బోరునీళ్లు

ఈ సంగతి జరిగింది ఒక శనివారం పొద్దున, ఆత్మకూరులో నంద్యాల రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డు ముందర. ముప్పై ఒక్క ఏళ్లు మిషన్ ఆసుపత్రి జీపు నడిపి, ఆ జీపును తన చేతులతోనే బాగుచేసుకుంటూ వచ్చిన లేవికి ఇప్పుడు డెబ్బై దగ్గర పడ్డాయి. షెడ్డు ఆయన పెట్టిందే అయినా ఆరేళ్లుగా నడుపుతున్నది కూతురు రెజీనా. ఆ పొద్దున ట్రావెల్స్ యజమాని రంగస్వామి తన ఏడు సీట్ల తెల్లబండిని లారీకి గొలుసు కట్టి లాక్కొచ్చి షెడ్డు ముందర నిలిపించాడు. మూడు వారాల కిందట రెజీనా సర్వీసు చేసి పంపిన బండి అది. దోర్నాల రోడ్డులో, నల్లమల అడవి నడుమ, యాత్రికులతో పోతూ పోతూ ఇంజను ఆగిపోయింది. "ఆడమనిషి చేతికి బండి ఇచ్చినందుకు నాకు ఈ శాస్తి కావాల్సిందే" అని రంగస్వామి రోడ్డు మీద నిలబడి అన్నాడు. ఎదురుగా టీ బంకు దగ్గరున్న ఆటోవాళ్లు ఆ మాట విని లేచి నిలబడ్డారు.

లేవికి ముందు కోపం రాలేదు. భయం వేసింది.

మూడు వారాల కిందటి ఆ పనిని ఆయన మనసులోనే మళ్లీ మొదటినుంచి చూసుకున్నాడు. రేడియేటర్ గొట్టాలు రెండూ మార్చింది. ఫ్యాను బెల్టు మార్చింది. పాత నీళ్లన్నీ వంచేసి కొత్త కూలెంటు పోసింది. పై గొట్టానికి క్లిప్పు బిగించడం ఆయన కుర్చీలోంచి చూశాడు. కింది గొట్టం బిగించేటప్పుడు మాత్రం మజ్జిగ తాగడానికి ఇంట్లోకి పోయాడు. ఆ ఒక్క క్లిప్పు సరిగా పడకపోయినా చాలు, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజను కాలిపోతుంది. అది ఆయనకు తెలుసు. కూతురి పనిని తాను అనుమానిస్తున్నానని కూడా ఆయనకు తెలుసు. అందుకు సిగ్గేసింది.

రంగస్వామి రెజీనా వైపు చూడనే లేదు. నేరుగా లేవి కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా లేవీ, నువ్వే చెప్పు. నీ మొగం చూసి గదా నేను బండ్లు ఈడికి పంపిస్తాండేది. అడవిలో ముసిలోళ్లు, ఆడోళ్లు మూడు గంటలు రోడ్డు మీద కూసున్యారు. ఎలుగుబంట్లు తిరిగే జాగా అది. వాళ్లకేమన్నా అయ్యింటే ఎవరు జవాబు చెప్పేది?"

లేవి కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచాడు. ఆయన నోటినుంచి క్షమాపణ వస్తుందని అందరూ అనుకున్నారు. ఆయన కూడా ఒక క్షణం అదే అనబోయాడు.

"షెడ్డు నాది కాదు రంగస్వామీ," అన్నాడు. "ఆ యమ్మది. అడిగేదేమన్నా ఉంటే ఆ యమ్మనే అడుగు."

అని మళ్లీ కూర్చున్నాడు.

రెజీనా అప్పటికే పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి బండి ముందర నిలబడింది. చుడీదారు మీద తండ్రి పాత ఖాకీ చొక్కా, తలకు గట్టిగా కట్టుకున్న తువ్వాలు. నలభై ఏళ్ల మనిషి. గొంతు పెంచదు. కోపం వస్తే ఇంకా తగ్గిస్తుంది. ఆ సంగతి ఇంట్లోవాళ్లకే తెలుసు.

"బండి చూడనీ రంగస్వామన్నా," అంది నిదానంగా. "చూసినాక తప్పు నాదయితే నాదే అని నేనే చెప్తా. ఈళ్లందరి ముందరే చెప్తా."

"చూసేదేముండాది?" రంగస్వామి బానెట్ ఎత్తి పట్టాడు. రేడియేటర్ పక్కనున్న తెల్ల ప్లాస్టిక్ డబ్బాను వేలితో కొట్టి చూపించాడు. అందులో గీత దాకా ఆకుపచ్చ కూలెంటు కనిపిస్తోంది. "ఇదో, నువ్వు పోసింది పోసినట్టే ఉండాది. నీళ్లు తక్కువై కాలిందనేదానికి నీకు దోవ లేదు. నీళ్లు నిండుగా ఉండి గూడా ఇంజను కాలిందంటే లోపల నువ్వేదో తప్పు బిగించినావు. అంతే గదా లెక్క?"

ఆటోవాళ్లలో ఇద్దరు ముగ్గురు తలలూపారు. వాళ్లూ బండి నడిపేవాళ్లే. డబ్బా నిండుగా ఉంటే రేడియేటర్ నిండుగా ఉన్నట్టేనని వాళ్లకూ నమ్మకం.

లేవికి ఆ డబ్బా సంగతి తెలీదు. ఆయన నడిపిన జీపుకు ఆ డబ్బానే లేదు. పొద్దున్నే మూత తీసి, వేలు పెట్టి నీళ్లు తగులుతున్నాయో లేదో చూసుకోవడమే ఆయన నేర్చిన విద్య. ఈ కొత్త బండ్ల సంగతులు కూతురు ఎక్కడెక్కడికో పోయి నేర్చుకొచ్చింది. కర్నూలులో నెల, హైదరాబాదులో రెండు నెలలు శిక్షణకు పోయింది. అక్కడ నలభై మందిలో తానొక్కతే ఆడమనిషి అని వచ్చాక నవ్వుతూ చెప్పింది తప్ప, ఎట్లా గడిచిందో ఎన్నడూ చెప్పలేదు.

రెజీనా డబ్బాను చూసింది. ముట్టుకోలేదు. బండికి అవతలిపక్క నిలబడి ఉన్న డ్రైవరు వైపు తిరిగింది.

డ్రైవరు పేరు బొజ్జన్న. యాభై దాటినవాడు. పద్నాలుగేళ్లుగా రంగస్వామి దగ్గరే పని. వచ్చినప్పటి నుంచి అతను తల ఎత్తలేదు.

"బొజ్జన్నా, వేడి చూపే ముల్లు యాడ లేచింది?"

బొజ్జన్న యజమాని మొహం చూసి, తర్వాత చెప్పాడు. "రోళ్లపెంట దాటినాకమ్మా. ఏసీ ఆపేసినా."

"ఆపినాక?"

"శానాసేపు పైనే ఉండె."

"మళ్లీ దానంతట అదే దిగిందా? నువ్వు బండి ఆపకుండానే?"

బొజ్జన్న మొదటిసారి తల ఎత్తి ఆమెను చూశాడు. "దిగింది. ఒక్క తూరి కిందికి పడిపోయింది. సల్లబడిందిలే అనుకుని ఇంకా తోలినా. మూడు మైళ్లు పోయినాక ఆగిపోయింది. నువ్వు ఆడ లేవు గదమ్మా, నీకెట్ల తెలుసు?"

"ముల్లుకు వేడి తెలిపే పిన్ను నీళ్లలో మునిగి ఉంటాదన్నా. నీళ్లు కాగితే దానికి తెలుస్తాది. నీళ్లే లేకుంటే దానికి తగిలేది ఉత్త గాలి. ముల్లు పైకి పోయి, ఊరికే కిందికి దిగిందంటే బండి సల్లబడిందని కాదు. లోపల చుక్క నీళ్లు లేవని. ఆడనే ఆపి, బానెట్ ఎత్తి, అరగంట కూసోవాల్సింది."



లేవికి ఎప్పుడో మరిచిపోయిన ఒక మధ్యాహ్నం కళ్లముందుకు వచ్చింది. ముప్పై ఏళ్ల కిందట, బైర్లూటి దగ్గర. జీపులో నెలలు నిండిన చెంచు మనిషి, ఒక నర్సు. ముల్లు ఎర్రగీత దాటింది. ఆపితే ఆ తల్లి బతకదు. లేవి స్టీరింగు పట్టుకునే ప్రార్థన చేశాడు. ముల్లు దిగింది. ఆసుపత్రికి చేరారు, బిడ్డ పుట్టింది. ఆదివారం గుడిలో నిలబడి ఆయన దాన్ని సాక్ష్యంగా చెప్పాడు. ఆ మరుసటి వారమే జీపు ఇంజను విప్పాల్సి వచ్చింది. ఆ రెండు సంగతులకూ సంబంధం ఉందని ఇప్పుడు, ఇన్నేళ్లకు, కూతురు నోట విన్నాడు. దేవుడు ఆ రోజు కాపాడలేదని ఆయన అనుకోలేదు. నీళ్లు లేని ఇంజనును ఆసుపత్రి దాకా నడిపించడం ఇంకా పెద్ద పని కదా అనుకున్నాడు. అయితే, ముప్పై ఒక్క ఏళ్లు స్టీరింగు పట్టుకున్న తనకు తెలియనిది ఈ పిల్లకు తెలుసు. అది ఆయనకు సంతోషమే.

"నీళ్లు లేకుంటే డబ్బాలో యాడనుంచి వచ్చినాయి మరి?" రంగస్వామి వదల్లేదు.

"చూపిస్తా."

రెజీనా టీ బంకు నుంచి రెండు గాజు గ్లాసులు తెప్పించింది. బండి నిన్న సాయంత్రం నుంచి చల్లగానే ఉంది కాబట్టి రేడియేటర్ మూతకు గుడ్డ చుట్టి తిప్పి తీసింది. మెడ లోపల వేలు పెట్టి తిప్పి బయటికి తీసి రంగస్వామికి చూపించింది. వేలికి తెల్లటి పొడి అంటుకుంది.

"ఇంట్లో నీళ్లు కాచే బిందె అడుగున ఇట్లనే ఉంటాది గదన్నా?"

ఈ నేల మీద బోరునీళ్లు కాచే ప్రతి ఇంట్లో ఆ సున్నం ఉంటుంది.

ఆమె కింద తొట్టి పెట్టి రేడియేటర్ అడుగు మర విప్పింది. ఐదారు లీటర్లు రావాల్సిన చోట చెంబెడు కూడా రాలేదు. వచ్చింది కూడా మట్టిరంగు నీళ్లు. వాటిని ఒక గ్లాసులో పట్టింది. డబ్బాలోని ఆకుపచ్చ కూలెంటును ఇంకో గ్లాసులోకి వంచింది. రెండింటినీ బానెట్ అంచు మీద పక్కపక్కన పెట్టింది.

"ఇది నేను పోసింది. ఇది నేను పోసింది కాదు."

ఆటోవాళ్లు రోడ్డు దాటి దగ్గరికి వచ్చారు. రెజీనా వాళ్లకూ వినపడేటట్టు చెప్పింది. "బండి వేడెక్కితే రేడియేటర్‌లో నీళ్లు పొంగి ఈ డబ్బాలోకి వస్తాయి. సల్లబడితే మళ్లీ రేడియేటరే వెనక్కి పీల్చుకుంటాది. సోడా తాగే గొట్టానికి చిల్లుంటే ఏమయితాది? నోట్లోకి గాలొస్తాది గానీ సోడా రాదు. అట్లనే రేడియేటర్‌కు యాడన్నా చిల్లు పడితే అది ఆ చిల్లులోంచి గాలి పీల్చుకుంటాది, డబ్బా జోలికి రాదు. అందుకే లోపల ఎండిపోయినా డబ్బా నిండుగా కనపడతాది. డబ్బా చూసి తృప్తి పడితే చాలదప్పా. పొద్దున బండి సల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూడాల. వేడి మీద మాత్రం తీయొద్దండి, మొగం కాలుతాది."

ఒక ఆటో అతను తన బండికి డబ్బా ఎక్కడుందో పక్కవాణ్ని అడిగాడు. పక్కవాడు "నీ ఆటోకు రేడియేటరే లేదురా" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వుతో షెడ్డు ముందర గాలి కొంచెం మారింది. కానీ రంగస్వామి మొహం మారలేదు.

"చిల్లు ఉండాదంటావు. యాడ?"

రెజీనా గోనెపట్ట పరుచుకుని బండి కిందికి దూరింది. అడుగు రేకు బోల్టులు నాలుగు విప్పిన చప్పుడు వినపడింది. లేవి తన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని బండి కిందినుంచి బయటికి కనిపిస్తున్న కూతురి కాళ్లనే చూస్తూ కూర్చున్నాడు. కింది గొట్టం క్లిప్పు గుర్తొచ్చింది.

"నాయనా," అని కింద నుంచి పిలిచింది. "నువ్వు రా. నువ్వు చూసి చెప్పు."

ఆయన వెళ్లి, బంపరు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని, తల వంచాడు. ఆమె టార్చి వేసి ముందు కింది గొట్టం చూపించింది. అడగకుండానే చూపించింది. క్లిప్పు ఎట్లా బిగించిందో అట్లాగే ఉంది. చుట్టూ తడి ఆరిన మరక కూడా లేదు. తర్వాత టార్చి పక్కకు జరిపింది. రేడియేటర్ అడుగు మూలలో, బయటికి కనిపించని చోట, నిమ్మకాయంత బూడిదరంగు ముద్ద అతికించి ఉంది. దాని అంచుల నుంచి కిందికి తెల్లటి చారలు.

"ఎంసీల్," అన్నాడు లేవి. లేచి నిలబడటానికి ఆయనకు కొంత సమయం పట్టింది. రంగస్వామి వైపు తిరిగి అదే మాట గట్టిగా చెప్పాడు. "రాయి తగిలి చిల్లు పడింది. ఎవరో ఎంసీల్ పెట్టినారు. వేడికి అది వదిలేసింది. ఈ పని మా షెడ్డులో చేసింది కాదు. మేమయితే రేడియేటర్ దించి అతికిస్తాం."

రంగస్వామి బొజ్జన్న వైపు తిరిగాడు. అతను నోరు తెరిచేలోగా లారీ పక్కన నిలబడి ఉన్న భూపేష్ ముందుకు వచ్చాడు. భూపేష్ రంగస్వామి ఒక్కగానొక్క కొడుకు. బుకింగులు, డ్రైవర్లు, బండ్ల కొనుగోళ్లు రెండేళ్లుగా అతని చేతి మీదే నడుస్తున్నాయి. ఇంతవరకు ఒక్క మాటా మాట్లాడలేదు.

"బొజ్జన్నే చేసింటాడు నాయనా. యాడనో రాయికి తగిలించుకుని, చెప్తే తిడతామని ముద్ద పెట్టి దాచినాడు."

బొజ్జన్న తల మళ్లీ కిందికి పోయింది.

లేవి కూతుర్ని చూశాడు. ఆమె మీద పడిన మాట పోయింది. తప్పు తనది కాదని అందరికీ తెలిసింది. ఇప్పుడు ఆమె చేతులు తుడుచుకుని లోపలికి పోయినా ఎవరూ ఏమీ అనరు. మిగిలింది యజమానికీ డ్రైవరుకూ మధ్య సంగతి. ఆయన అయితే ఆ వయసులో లోపలికే పోయి ఉండేవాడు. అది తనకే తెలుసు.

రెజీనా పోలేదు.

"బొజ్జన్నా, నీళ్లు పోసింది నువ్వేనా?"

"నేనేమ్మా."

"ఎన్ని పొద్దులు పోసినావు?"

"పన్నెండు పొద్దులు. పొద్దున ఒక క్యాను, మాపుకు ఒక క్యాను. దోవలో యాడ బోరు కనపడితే ఆడ."

"ఎవరు పోయమన్యారు?"

బొజ్జన్న ఒకసారి భూపేష్ వైపు చూశాడు. రెజీనా ఆ ప్రశ్న రెండోసారి అడగలేదు. రంగస్వామి వైపు తిరిగింది.

"పన్నెండు పొద్దులు క్యాన్లు మోసి పోసినోడు బండిని పాడు చేయాలని చూసినోడు కాదన్నా. బతికించుకోవాలని చూసినోడు. దాచిపెట్టేటోడు నీళ్లు పోయడు, బండి నీ ఇంటి ముందర నిలిపి తాళాలు ఇచ్చి పోతాడు."

బొజ్జన్న పెదాలు కదిలాయి. భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత, ఎవరి వైపూ చూడకుండా, చెప్పడం మొదలుపెట్టాడు.

"బేతంచెర్ల కాడ నాపరాళ్ల బేరగాళ్లను క్వారీకి తీసుకుపోయింటి. దోవలో రాయి ఎగిరి తగిలింది. ఆడనే దిగి చూస్తే కారుతాంది. అప్పుడే భూపేష్‌కు ఫోను చేస్తి. రేపు మహానంది బుకింగు ఉండాది, బండి ఆపేదానికి లేదు, ఎంసీల్ పెట్టి నీళ్లు పోసుకుంట తిప్పు, ఈ బుకింగులు అయిపోనీ అన్యాడు. వద్దప్పా, రెజీనమ్మ కాడికి తీసుకుపోతా అంటి. పోతే బండి అక్కడే పెట్టి ఇంటికి పో, మళ్లీ పనికి రావద్దు అన్యాడు. నాకు వేరే పని తెలీదు సామీ. పద్నాలుగేండ్లు మీ స్టీరింగే పట్టుకుంటి."

రంగస్వామి కొడుకును చూశాడు. "నిజమేనా?"

భూపేష్ లారీ టైరు వైపు చూస్తూ అన్నాడు. "వారం పొద్దులు ఆగుతాదనుకున్యా నాయనా."

లేవికి రంగస్వామి పాతికేళ్ల వయసు నుంచి తెలుసు. లారీ క్లీనరుగా మొదలై ఎనిమిది బండ్ల దాకా వచ్చిన మనిషి. ఇంతమంది ముందర తల వంచడం ఆయనకు అలవాటు లేని పని. చివరికి, "సరే, ఇంజను విప్పు," అన్నాడు రెజీనాతో, ఇంకెటో చూస్తూ.

"విప్పుతా. నూనె మూత కింద తెల్లటి నురగ కట్టింది, నీళ్లు నూనెలో కలిసినాయి. ఇంజను మీది హెడ్డు దించాల్సిందే. అది నేను బాగు చేస్తా." రెజీనా గొంతు ఇంకా తగ్గింది. "దానికి ముందు ఒక మాట ఉండాదన్నా. ఇంతమంది ముందర ఆడమనిషి చేతికిచ్చి చెడితి అంటివి. ఆ మాట ఇంతమంది ముందరే వెనక్కి తీసుకో. బొజ్జన్న పని గూడా పోకూడదు. ఇవి రెండూ అయినాకే నేను పానా పట్టేది."

ఆ మాట అడగాలని లేవికి తోచి ఉండేది కాదు. తోచినా అడిగి ఉండేవాడు కాదు. మిషన్ ఆసుపత్రిలో ఎందరెందరో ఏమేమో అన్నారు. పని బాగా చేస్తే మాట దానంతట అదే పోతుందని ఆయన నమ్మి బతికాడు. పోయిందో లేదో ఎన్నడూ తిరిగి చూసుకోలేదు.

రంగస్వామి గొంతు సవరించుకున్నాడు. టీ బంకు వైపు తిరిగాడు.

"వినండప్పా. ఈ యమ్మ పనిలో తప్పు లేదు. నేను నోరు జారినా. తప్పు మా ఇంట్లోనే ఉండాది." ఒక క్షణం ఆగి, "బొజ్జన్న రేపటినుంచి పాత బండి తోలుతాడు. వాని పని యాడికీ పోదు," అన్నాడు.

బొజ్జన్న తువ్వాలు కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. ఆటోవాళ్లలో పెద్దవాడొకడు రెజీనాతో, "అమ్మా, వచ్చే వారం మా బావ కారు తెస్తా, చూడాల," అన్నాడు. ఆమె తలూపి లోపలికి పోయి పానాల పెట్టె తెచ్చుకుంది. లేవి ఏమీ అనలేదు. తన కుర్చీని రెండడుగులు ముందుకు లాక్కుని, ఆమె చేతులు బాగా కనిపించే చోట వేసుకుని కూర్చున్నాడు. ఈ సంగతి ఇంటికి పోయి భార్య విశ్వాసమ్మకు ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలా అని ఆలోచించాడు. ముల్లు దిగిన దగ్గరినుంచి చెప్పాలి. లేదు, "షెడ్డు నాది కాదు" అన్న దగ్గరినుంచి.

ఇంజను విప్పే ముందు దాని నంబరు రాసుకోవడం రెజీనా పద్ధతి. కిరసనాయిల్ తడిపిన గుడ్డతో ఇంజను పక్కభాగం మీది జిడ్డు తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగింది. మళ్లీ తుడిచింది. వేలిగోరుతో గీకి చూసింది.

"నాయనా, ఇది చూడు."

లేవి కళ్లద్దాలు పెట్టుకుని వంగాడు. కంపెనీ కొట్టే అంకెలు ఒక్క వరుసలో, ఒక్క లోతులో ఉంటాయి. ఇక్కడ ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నాయి. ఐదంకె పక్కకు ఒరిగింది. వాటి చుట్టూ లోహం ఆకురాయితో రాసినట్టు నున్నగా మెరుస్తోంది. పాత నంబరు అరగదీసి, కొత్తది చేత్తో ఒక్కొక్క అంకె కొట్టారు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన ఇలాంటిది ఒక్కసారే చూశాడు, అదీ పోలీసు స్టేషన్ ఆవరణలో.

"ఆర్సీ చూపించు రంగస్వామీ."

రంగస్వామి ఫోనులో ఆర్సీ తీసి ఇచ్చాడు. రెజీనా అంకె అంకె చదివి సరిచూసింది. ఆర్సీలోని నంబరు, ఇంజను మీది నంబరు ఒకటే. సరిపోయేటట్టు ఎవరో కొట్టారు.

"ఈ ఇంజను ఈ బండిది కాదన్నా," అంది. "ఈ బండి ఎవరి కాడ కొంటిరి?"

రంగస్వామి లేవిని విచిత్రంగా చూశాడు. "నీకు తెలీదా లేవీ? కర్నూలులో మీ జయరాజు కాడనే. రెండేండ్లయింది. భూపేషే పోయి తెచ్చినాడు."

జయరాజు లేవి పెద్దకొడుకు. రెజీనాకు అన్న. కర్నూలులో పాత కార్లు కొని అమ్ముతాడు. షెడ్డు చెల్లెలి పేర పెట్టిన రోజు మాట పట్టింపు వచ్చి గడప దాటినవాడు, మూడేళ్లయినా తిరిగి రాలేదు. తల్లితో అప్పుడప్పుడు ఫోనులో మాట్లాడతాడు. తండ్రితో లేదు.

రెజీనా చేతిలో కలం ఆగిపోయింది. ఆమె తండ్రి మొహం చూడలేదు.

రంగస్వామి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "లేవీ, ఇది మన రెండిండ్ల మాట. హెడ్డు మార్చి బిగించి ఇయ్యండి. నంబరు జోలికి పోవద్దు. రాస్తే రేపు ఎవరన్నా అడుగుతారు. నీ కొడుకు బతుకు గూడా చూసుకో."

లేవి బండి అంచు పట్టుకున్నాడు. కొడుకు చిన్నప్పటి మొహం కళ్లముందుకు రావాలి. రాలేదు. ఎదురుగా కనిపిస్తున్నది కలం పట్టుకున్న కూతురు. ఇంతసేపూ ఎవరి మాటకూ వంగని మనిషి, ఇప్పుడు తన మాట కోసం ఆగి ఉంది.

"రాయమ్మా," అన్నాడు. "ఆ నంబరు ఎట్లుంటే అట్ల రాయి. చుట్టూ అరగదీసినారని గూడా రాయి."

ఆమె రాసింది.

రంగస్వామి నిట్టూర్చి ఫోను తీశాడు. "అయితే జయరాజునే అడుగుదాం," అని నంబరు నొక్కి, అవతలివాడికి రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు. కొంతసేపు విన్నాడు. తర్వాత ఫోను లేవి చేతికిచ్చాడు. "నీతోనే మాట్లాడతాడంట."

మూడేళ్ల తర్వాత కొడుకు గొంతు. పలకరింపు లేదు.

"నాయనా, ఆ నంబరు చెల్లెలు రాసేసిందా?"

"రాసింది," అన్నాడు లేవి. "నేనే రాయమంటి."

అవతల మోటారు సైకిలు స్టార్టు చేసిన చప్పుడయింది.

"మంచి పని చేస్తివి నాయనా. నేను అమ్మినప్పుడు ఆ ఇంజనుకు కంపెనీ నంబరే ఉండె, ఫోటో తీసిపెట్టినా. అది మారింది నా కాడ కాదు. నేను వస్తాండా. నేనొచ్చేదాకా ఆ బండి ఎవరికీ ఇయ్యొద్దు. భూపేష్‌కు అసలే ఇయ్యొద్దు."

లేవి ఫోను చెవికి పెట్టుకునే తల ఎత్తాడు. రెజీనా కాగితం మీద తేదీ వేస్తోంది. రంగస్వామి టీ బంకు వైపు నడుస్తున్నాడు. బండి ముందర వంగి, లారీ గొలుసును మళ్లీ బండి కొక్కేనికి తగిలిస్తున్నాడు భూపేష్.